రైలక్క పట్టిన కుంచం

పొద్దున తొమ్మిది దాకా మా షాంగ్‌పో ఊరి కాలువలో కూరలు మాత్రమే కడగాలి. తొమ్మిది దాటాకే బట్టలు. ఈ సంగతి తెలియని వెల్తా పుర్మాలె, ఊళ్ళోకి వచ్చిన మూడో రోజు ఏడుంబావుకు గుమ్మం ముందు కూర్చుని మేజోళ్ళు ఉతుక్కుంది. ఒక మేజోడు చేతిలోంచి జారి నీళ్ళలో కొట్టుకుపోయింది. పావుగంట తర్వాత దిగువ ఇంటి జావ్ తాత ఒక చేతిలో ముల్లంగి కట్ట, రెండో చేతిలో ఆ మేజోడు పట్టుకుని కాలువ గట్టున ఎగువకు నడిచి వచ్చాడు.

“ఇది నీదేనా అమ్మాయ్? మా పులుసులో ఉప్పు సరిపడానే ఉంది.”

అప్పటికి ఆమెకు అరవై ఏళ్ళు. జావ్ తాతకు డెబ్బై ఏడు కాబట్టి ఆయన లెక్కలో అమ్మాయే. ఆమెకు వచ్చిన చైనీస్ మాటలు పదో పన్నెండో. వాటిలో ‘క్షమించండి’ ఒకటి. దాన్ని అయిదుసార్లు చెప్పింది. మర్నాటి నుంచి ఏడుంబావుకు ఆకుకూర, తొమ్మిదీ అయిదుకు మేజోళ్ళు. నాలుగేళ్ళలో ఆ వేళలు ఒక్కరోజూ తప్పలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ట్రామ్ నడిపిన మనిషికి అది పెద్ద పనేం కాదు.

ఆమెది లాత్వియా. రాజధాని రీగాలో ట్రామ్ డ్రైవరు. ట్రామ్ అంటే వీధుల మధ్య నడిచే చిన్న రైలు అని ఎవరో వివరించాక ఊరు ఆమెకు రైలక్క అని పేరు పెట్టేసింది. ఆ దేశంలో అన్నిటికన్నా ఎత్తయిన కొండ మూడు వందల పన్నెండు మీటర్లు. మా ఊరి మేకలు పొద్దున్నే అంతకన్నా పైకెక్కి మేసి, మధ్యాహ్నానికి దిగి వస్తాయి.

పదవీ విరమణ తర్వాత ఆమె బతుకు రీగాలో అయిదో అంతస్తులోని ఒక గదికి కుంచించుకుపోయింది. చలికాలంలో ఆ గదిని వెచ్చగా ఉంచుకునే బిల్లే పింఛనులో సగానికి పైగా తినేసేది. కిటికీ తెరిస్తే ఎదుటి భవనం గోడ. ఆ గోడ మీద పగుళ్ళు పదకొండు. ఇప్పటికీ ఎక్కడెక్కడున్నాయో చెప్పగలదు.

ఉద్యోగంలో ఉన్న చివరి ఏడాది ఎవరో టీ పొడి వర్తకుడు వాళ్ళ డిపోకి ఒక క్యాలెండరు ఇచ్చాడు. దాని ఆగస్టు పేజీలో మా త్సాంగ్ షాన్ కొండలు, నడుముకి తెల్ల మబ్బు చుట్టుకుని, కింద ఎర్‌హాయ్ సరస్సుతో సహా అచ్చయి ఉన్నాయి. ఆగస్టు అయిపోయినా ఆమె పేజీ తిప్పలేదు. ఇంకెవరినీ తిప్పనివ్వలేదు. ఆ ఏడాది చివరి నాలుగు నెలలూ డిపోలో అందరూ తేదీలు ఫోనులో చూసుకున్నారు.

నెల రోజులు చూసి వెళ్దామని చైనాలోని మా దాలీ ప్రాంతానికి వచ్చింది. ఆ నెలంతా తిన్నదీ, ఉన్నదీ, తిరిగిందీ కలిపితే రీగాలో ఒక్క చలికాలపు బిల్లంత అయింది. తిరిగి వెళ్ళి మంచం, బీరువా, కుట్టుమిషను అమ్మేసి రెండు పెట్టెలు సర్దుకుంది. వాళ్ళ అక్క రైల్వే స్టేషనులో కూడా వదల్లేదు.

“ఈ వయసులో కొండలెక్కుతావుటే?”

“ఎక్కను. చూస్తాను,” అంది వెల్తా.

చూడడానికి దొరికిన కిటికీ దువాన్ అవ్వ ఇంట్లోది. అవ్వ పూర్తి పేరు దువాన్ జిన్‌శ్యూ, మొగుడు పోయిన మనిషి. నాలుగు వైపులా గదులు, మధ్యలో నాపరాళ్ళ వాకిలి, తెల్ల సున్నపు గోడ మీద నల్ల సిరాతో పూలతీగలు. తూర్పు వైపు మేడగది వెల్తాకి అద్దెకిచ్చింది. ఆ గది కిటికీ పడమటికి తెరుచుకుంటుంది. దక్షిణాన షియేయాంగ్ శిఖరం నుంచి ఉత్తరాన యున్‌నోంగ్ దాకా మొత్తం పంతొమ్మిదీ ఒక్క చూపులో కనిపిస్తాయి. వెల్తా రోజూ పొద్దున కిటికీ తెరిచి, ట్రామ్‌లో స్టాపులు చెప్పే గొంతుతో పంతొమ్మిది పేర్లూ వరుసగా చదివేది. చైనీస్ అలాగే నేర్చుకుంది. కింద వాకిట్లోంచి దువాన్ అవ్వ అరిచేది.

“చెల్లీ, ఇవాళ ఎవరైనా దిగారా?”

“మబ్బు దిగింది. టికెట్టు లేదు.”

అవ్వకి ఒక ఆవు ఉంది. మా వాళ్ళు పాలు విరగ్గొట్టి, పల్చగా సాగదీసి, వెదురు బద్దలకు చుట్టి ఆరబెడతారు. పాల విసనకర్రలంటాం. వెల్తా అదే పాలలో షాజీరా వేసి, గుడ్డలో మూటకట్టి, మీద రాయి పెట్టి గుండ్రంగా చీజ్ చేసింది. మొదటిసారి రుచి చూసి అవ్వ మొహం ముడుచుకుంది. “ఇది తినేదా, తలుపుకి అడ్డం పెట్టేదా?” అంది. మూడో నెలకి ఆవిడే పొద్దున్నే షాజీరా డబ్బా తెచ్చి వాకిట్లో పెట్టడం మొదలెట్టింది. పాలకి చీజు, చిక్కుడుకాయలకి ఎండబెట్టిన కొండ పుట్టగొడుగులు, ఇలా ఆ ఇద్దరి మధ్యా నడిచేది.

వీసాకి ఆమె పట్టణంలోని ఒక కాలేజీలో భాషా విద్యార్థి. వారానికి నాలుగు పూటలు సంచీ తగిలించుకుని బస్సెక్కేది. పక్క బెంచీల్లో పంతొమ్మిదీ ఇరవై ఏళ్ళ లావోస్ పిల్లలు. ఏటా నివాస పత్రం కొత్తది చేయించుకోవాలంటే ఇంటి యజమాని సంతకం ఉన్న అద్దె ఒప్పందం కావాలి. ఇల్లు దువాన్ అవ్వ కొడుకు యాంగ్ జియామింగ్ పేరున ఉంది. దక్షిణాన ఉన్న షియాగ్వాన్ నగరంలో టైల్సు, నీళ్ళ పంపుల దుకాణం అతనిది. వయసు నలభై ఎనిమిది. ఏడాదికోసారి వచ్చి సంతకం పెట్టి, వాళ్ళమ్మ కట్టిన పాల విసనకర్రల మూట పట్టుకుని పోయేవాడు. వెల్తాని పిన్నీ అనేవాడు.

నాలుగో ఏడు వసంతంలో సంతకం వేళ కాకుండానే వచ్చాడు.

“పిన్నీ, ఎలా చెప్పాలో తెలీట్లేదు. సముద్రం వైపు నుంచి ఒక కంపెనీ వాళ్ళొచ్చారు. ఇల్లు మొత్తం ఇరవై ఏళ్ళకి తీసుకుంటారట. గెస్ట్‌హౌస్ పెడతారట. సెప్టెంబరు నుంచి.”

“నేను ఆగస్టు,” అంది వెల్తా. ఆమె ఒప్పందం గడువు ఆగస్టు ఆఖరు.

“అదే, లెక్క సరిపోయింది. మీకేం ఇబ్బంది ఉండదు.”

వాకిట్లో చిక్కుళ్ళు ఒలుస్తున్న దువాన్ అవ్వ తలెత్తకుండానే అడిగింది. “నేనెక్కడికిరా?”

“నా దగ్గరికే అమ్మా. పదమూడో అంతస్తు. లిఫ్టుంది.”

“ఆవుకి కూడా లిఫ్టుందా?”

“అమ్మా...”

“ఇల్లు నీ పేరున ఉంది. నోరు మాత్రం నా పేరునే ఉంది. అందుకే అడిగా.”

నోటితో అయ్యే పని కాదది. కంపెనీ వాళ్ళు కొలతలు తీసుకుని పోయారు. నివాస పత్రం గడువు సెప్టెంబరు పది. అప్పటికి ఏదో ఒక ఇంటి ఒప్పందం చేతిలో లేకపోతే వెల్తా తిరిగి రీగాకి, ఆ పదకొండు పగుళ్ళ గోడ ముందుకి వెళ్ళాలి.

ఆమె ఏడవలేదు. తరగతి లేని రోజుల్లో బయల్దేరి ఊళ్ళో పద్నాలుగు ఇళ్ళు తిరిగింది. తొమ్మిది అప్పటికే గెస్ట్‌హౌసులు. మూడు ఇళ్ళ వాళ్ళు గెస్ట్‌హౌసు వాళ్ళ కోసం ఎదురుచూస్తున్నారు. ఒకచోట గది ఉంది కానీ కిటికీ నీళ్ళ ట్యాంకు వైపు. “కొండలు కనపడవా?” అంటే “డాబా ఎక్కండి, భేషుగ్గా కనపడతాయి” అన్నారు. దానికీ సరేనంది. తీరా విదేశీ మనిషికి పోలీసు స్టేషను చుట్టూ తిరిగి సంతకాలు ఎవరు పెడతారని వాళ్ళే వెనక్కి తగ్గారు. పద్నాలుగో ఇల్లు జావ్ తాతది. ఆయనది రెండు గదుల కొంప. ఒకదాంట్లో ఆయన, రెండోదాంట్లో వెదురు, రంగు కాగితాలు.

“ఉంటే ఇవ్వనా అమ్మాయ్,” అన్నాడు.

జూలైలో ఆమె సామాను పంచడం మొదలుపెట్టింది. ఉడకబెట్టే పెద్ద గిన్నె పక్కింటికి, దుప్పటి అవ్వకి. చీజుకి బరువు పెట్టే రాయిని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

చాంద్రమానం ఆరో నెల ఇరవై అయిదున మా బాయి తెగ వాళ్ళకి కాగడాల పండుగ. ఆ ఏడు అది ఆగస్టులోకి వచ్చింది. ముందురోజు ఆడవాళ్ళంతా ఎర్రపూలు నూరి గోళ్ళకు పెట్టుకుంటారు. దువాన్ అవ్వ వెల్తా పది వేళ్ళకీ పెట్టి ఆకులు కట్టింది. “ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడు,” అంది. “ఇల్లు రావాలి. మొగుడు వద్దు,” అంది వెల్తా. రాత్రికి అవ్వ ఆ మాట ఊరంతా చెప్పేసింది.

ఊరి నడుమ మైదానంలో ముప్పై అడుగుల దేవదారు మాను నిలబెడతారు. దానికి గడ్డి, ఎండుకొమ్మలు చుట్టి పెద్ద కాగడా చేస్తారు. పొయ్యి ఉంటే ఇల్లున్నట్టే లెక్క, అందుకే పొయ్యికి ఒక కట్టె కట్ట చొప్పున ఊరంతా తెచ్చి ఇస్తుంది. అన్నిటికన్నా పైన, ఒక వెదురు గడకి, మూడంతస్తుల కాగితపు కుంచం. ధాన్యం కొలిచే కుంచం ఆకారమే, రంగు కాగితాలతో. దాన్ని ఏటా జావ్ తాతే దగ్గరుండి కట్టిస్తాడు. పొద్దుగూకగానే నిప్పు పెడతారు. మంట పైకెక్కి గడ కాలినప్పుడు కుంచం రాలుతుంది. కుర్రాళ్ళు ఎగిరి పట్టుకుంటారు. పట్టిన ఇంటికి ఆ ఏడాదంతా ఎదురుండదు. పై ఏడు కుంచం ఆ ఇంటి గుమ్మంలోంచే రావాలి, అదీ పట్టిన చేతులే కట్టాలి. మాట తప్పితే ఏమవుతుందో ఊళ్ళో అందరికీ తెలుసు. ఇరవై ఏళ్ళ కిందట పిండిమర వాళ్ళు కుంచం కట్టకుండా ఊరెళ్ళిపోయారు. ఆ ఏడు వడగళ్ళు ఒక్క మర మీదే పడ్డాయని ఇప్పటికీ చెప్పుకుంటారు.

వెల్తా నాలుగేళ్ళూ తన కట్ట తను తెచ్చింది. ఆ రోజు కట్టతో పాటు ఒక గోనెసంచి తడిపి చంకలో పెట్టుకుని వచ్చింది.

“అదెందుకు రైలక్కా? చలేస్తోందా?” అని కుర్రాళ్ళు నవ్వారు.

వాళ్ళ దేశంలోనూ జూన్ నెలలో ఒక పండుగ ఉంది. గుట్ట మీద గడ పాతి, దాని కొసన తారు పీపా కట్టి ముట్టిస్తారు. మంట పక్కన తడి గోనె లేకుండా నిలబడేవాణ్ణి అక్కడ పిచ్చివాడంటారు. ఆమె ఇదంతా చెప్పలేదు. “అలవాటు,” అని ఊరుకుంది.

నిప్పు పెట్టారు. డోళ్ళు మోగాయి. జియామింగ్ షియాగ్వాన్ నుంచి కొత్త చొక్కాతో వచ్చి, చేతులు కట్టుకుని పెద్దల వెనక నిలబడ్డాడు. ముసలమ్మలంతా ఉత్తరం వైపు పీటలేసుకుని కూర్చున్నారు. దువాన్ అవ్వ మొదటి పీట మీద. వెల్తా అవ్వ వెనక. గడ తూర్పుకి వాలడం చూసి ఇరవై ముప్పై మంది కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ తూర్పుకి పరిగెత్తారు. సరిగ్గా అప్పుడే దక్షిణం నుంచి షియాగ్వాన్ గాలి కొట్టింది. గడ ఫట్‌మని విరిగింది. కుంచం అంచుకి నిప్పంటుకుని, తిరుగుతూ ఉత్తరానికి, ముసలమ్మల పీటల మీదికి రావడం మొదలెట్టింది.

ముప్పై ఒక్క ఏళ్ళు పట్టాల మీదికి ఏదొస్తే దానికి బ్రేకు వేసిన మనిషి. ఆలోచించలేదు. రెండడుగులు ముందుకేసి, తడి గోనె విప్పి, దువాన్ అవ్వ తల మీద పడబోతున్న కుంచాన్ని అందులో అందుకుంది. కింద పెట్టి నాలుగు దెబ్బలు కొట్టి ఆర్పేసింది.

డోళ్ళు ఆగిపోయాయి.

వెల్తా చుట్టూ చూసింది. ఊరంతా తనవైపే చూస్తోంది. గోనెలోంచి పొగ. తప్పు చేశాననుకుంది. నాలుగేళ్ళ కిందటి మేజోడు గుర్తొచ్చి ఉంటుంది.

“క్షమించండి. ఆర్పేశాను,” అంది.

ముందు నవ్వింది దువాన్ అవ్వ. తర్వాత ముసలమ్మలంతా. తర్వాత గొడవ మొదలైంది.

“ఇది చెల్లదు తాతా! ఆవిడ ఊరి మనిషి కాదు,” అన్నాడు తూర్పుకి పరిగెత్తినవాళ్ళలో ఒకడు.

“గోనెతో పట్టడం ఎక్కడైనా ఉందా? చేత్తో పట్టాలి!” అన్నాడు ఇంకొకడు.

“మళ్ళీ పైకెగరేద్దాం!”

జావ్ తాత గడ్డం గోక్కున్నాడు. “ఎగరేయడం లేదు. రాలింది రాలిందే. కుంచం మనిషిది కాదు, ఇంటిది. ఇది ఏ ఇంటిదో చెప్పండి. ఏ ఇంటిదీ కాకపోతే మంటలో వేసేస్తా.”

మంటలో వేస్తాననేసరికి జియామింగ్ కట్టుకున్న చేతులు విడిపోయాయి. అతనికి నలభై ఎనిమిదేళ్ళు వచ్చాయి. పదిహేనో ఏట నుంచి ముప్పై దాకా ఏటా ఎగిరాడు, ఒక్కసారీ దొరకలేదు. వాళ్ళ నాన్నకీ దొరకలేదు. పెద్దల్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

“ఏ ఇంటిదేంటి తాతా? మా ఇంటిది! ఆవిడ ఎవరనుకున్నారు? మా పిన్ని! మా ఇంటి మనిషి!”

“నీ ఇంటి మనిషేనా?” అన్నాడు జావ్ తాత.

“నాలుగేళ్ళుగా మా వాకిట్లో పొయ్యి వెలిగిస్తోంది. తన కట్ట తను తెచ్చింది. పొయ్యి ఉంటే ఇల్లే కదా, మీరే చెప్తారుగా!”

“అది నిజమే. ఊరంతా విన్నారా?”

“విన్నాం!” అని ముసలమ్మలంతా ఒక్కసారి అరిచారు. అందరికన్నా గట్టిగా దువాన్ అవ్వ.

డోళ్ళు మళ్ళీ మోగాయి. జియామింగ్ మసిబారిన కుంచాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటిదాకా మోశాడు. కొత్త చొక్కా పాడైంది. గుమ్మంలో టపాకాయలు కాల్చాడు. దేవుడి ముందు, ఊరి పెద్దల ముందు రెండు చేతులా కుంచం అందుకుని మూడు గిన్నెల సారా తాగాడు. కంపెనీ మాట అతనికి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

పొద్దున గుర్తొచ్చింది. తల పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి వెల్తా ఆకుకూర కడిగి లోపలికొస్తోంది. జావ్ తాత అప్పటికే బల్ల మీద కూర్చుని అవ్వ ఇచ్చిన చేదు టీ తాగుతున్నాడు.

“తాతా, ఈ కుంచం... పై ఏడు షియాగ్వాన్‌లో మా ఫ్లాటు నుంచి తెస్తే కుదరదా?”

“పదమూడో అంతస్తు నుంచా? లిఫ్టులో పడుతుందా?”

“పోనీ ఆ కంపెనీ వాళ్ళే కట్టించి పంపుతారు. డబ్బున్నవాళ్ళు.”

“వాళ్ళకి ఈ ఊళ్ళో పొయ్యి ఉందా?”

“పిన్ని ఈ నెల్లోనే కట్టేసి ఇచ్చి వెళ్తే?”

“కాగితం ఏడాది ఆగుతుందిట్రా? ఎలుకలకి పండగ. అయినా నన్నడుగుతావేం, మరవాళ్ళనడుగు, వడగళ్ళెలా ఉంటాయో.”

జియామింగ్ వెల్తా వైపు తిరిగాడు. ఆమె ఆకుకూర బుట్ట కింద పెట్టి, మేడ మీదికి వెళ్ళి, పాత ఒప్పందం కాపీ ఒకటి తెచ్చింది. తేదీలున్న చోట ఖాళీ వదిలి శుభ్రంగా చేతిరాతతో రాసి ఉంది. తెల్లవారే లేచి రాసుకుంది. కాలేజీ నేర్పిన అక్షరాలు, ఒక్క గీతా తప్పు లేదు.

“రాత్రి నువ్వు ఊరికి చెప్పావు, మా ఇంటి మనిషి అని,” అంది నెమ్మదిగా, ఒక్కో మాటా స్టాపు పేరులా. “అది కాగితం మీద పెట్టు.”

అతను ఆ కాగితం చివరిదాకా చదివాడు. “పిన్నీ, మీరు చైనీస్ ఇంత బాగా ఎందుకు నేర్చుకున్నారు?” అన్నాడు. సంతకం పెట్టాడు, ఒక్క ఏడాదికి. “వచ్చే పండగ అవగానే ఖాళీ చెయ్యాలి. ఇది ఖాయం.”

“ఖాయం,” అంది వెల్తా. పక్కింటికెళ్ళి గిన్నె వెనక్కి తెచ్చుకుంది.

కంపెనీ వాళ్ళు ఏడాది ఆగలేదు. సరస్సు వైపు ఇంకో ఊళ్ళో ఇల్లు చూసుకున్నారు. జియామింగ్ నెల రోజులు మొహం ముడుచుకు తిరిగాడు. అయితే షియాగ్వాన్ దుకాణానికి మా వైపు ఊళ్ళవాళ్ళు వచ్చినప్పుడల్లా “కుంచం ఇంటి యాంగ్ మీరేనా?” అనడం మొదలెట్టారు. పెళ్ళిళ్ళలో ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. ఒక గృహప్రవేశానికి అతన్నే ముందు గడప దాటమన్నారు. అతను శని, ఆదివారాలు ఊరికి రావడం మొదలైంది. వచ్చినప్పుడల్లా కుంచం ఎంతదాకా వచ్చిందని అడిగేవాడు.

కుంచం అంత తేలిగ్గా రాలేదు. చలికాలమంతా వెల్తా జావ్ తాత రెండో గదిలో వెదురు చీల్చడం నేర్చుకుంది. మొదటి నెల బద్దలన్నీ వంకరే.

“అమ్మాయ్, నీ రైలు పట్టాలు కూడా ఇలాగే ఉండేవా?”

“పట్టాలు వేరేవాళ్ళు వేసేవారు. నేను నడిపాను.”

“అదే కనబడుతోంది.”

తాత చేతులు వణకడం ఆమె ఆ గదిలోనే గమనించింది. జిగురు గిన్నె ఆయన పట్టుకుంటే అంచు దాటి ఒలికేది. ముప్పై ఏళ్ళుగా ఈ పని నేర్చుకుంటామని ఊళ్ళో ఎవరూ రాలేదు. కుంచం పట్టినవాళ్ళు ఏటా వచ్చి రెండు కాగితాలు అంటించి, ‘మేమే కట్టాం’ అని ఫొటో దిగి పోయేవాళ్ళు. మిగతాదంతా ఆయనే చేసేవాడు. వెల్తా అలా పోలేదు. వసంతానికి బద్దలు తిన్నగా వచ్చాయి. ఆమె మూడంతస్తులూ కట్టింది. పైనుంచి కిందికి నాలుగు ముఖాల మీదా, నల్ల కాగితం కత్తిరించి, పంతొమ్మిది శిఖరాలు వరుస తప్పకుండా అంటించింది. జావ్ తాత కళ్ళజోడు పెట్టుకుని దక్షిణం నుంచి ఉత్తరానికి లెక్కపెట్టాడు. పంతొమ్మిదో దాని దగ్గర వేలు ఆగింది.

“ఎవరూ దిగిపోలేదు,” అన్నాడు. అంతకు మించి మెచ్చుకోవడం ఆయనకి రాదు.

మళ్ళీ ఆరో నెల ఇరవై అయిదు వచ్చింది. కుంచం దువాన్ అవ్వ గుమ్మంలోంచి బయల్దేరింది. జియామింగే మోశాడు. దారి పొడుగునా జనం ఆపి ఆపి శిఖరాలు లెక్కపెట్టారు. పక్క ఊళ్ళ నుంచి వచ్చిన పెద్దలు ఇద్దరు కట్టిందెవరని అడిగితే, దువాన్ అవ్వ “మా చెల్లి” అని ఊరుకుంది. వాళ్ళు వెల్తాని చూసి మళ్ళీ అవ్వని చూశారు. “పోలికలున్నాయి,” అన్నాడొకాయన మర్యాదకి.

నిప్పు పెట్టారు. కుర్రాళ్ళు ఈసారి నాలుగు వైపులా నిలబడ్డారు. వాళ్ళ మధ్యలో, చొక్కా చేతులు పైకి మడిచి, నలభై తొమ్మిదేళ్ళ యాంగ్ జియామింగ్.

“ఒరేయ్, నడుం నొప్పన్నావు కదరా!” అని పీట మీంచి వాళ్ళమ్మ కేకేసింది.

“బాబాయ్, తప్పుకోండి, కింద పడతారు,” అన్నారు కుర్రాళ్ళు.

“రైలు పిన్ని పట్టింది గానీ యాంగ్ వంశంలో మగాళ్ళు పట్టలేరన్నారు. ఏడాదంతా విన్నా. మీరే తప్పుకోండిరా!”

వెల్తా తడి గోనె పట్టుకుని పీటల వెనక నిలబడింది. అందుకోవడానికి కాదు. కుంచం ఇక ఎవరి చేతిలో పడినా, మర్నాటితో ఆమె గడువు తీరిపోతుంది. పెట్టెలు రెండూ సర్ది మంచం కింద ఉన్నాయి.

గడ విరిగింది. కుంచం నేరుగా కిందికి వచ్చింది. ఎనిమిది మంది ఎగిరారు. తొమ్మిదో మనిషి ఎగరలేదు, అంత బరువు ఎగరదు. పక్కవాడి భుజం మీద మోచెయ్యి మోపి, చెయ్యి చాచి, కింది అంతస్తు అంచు పట్టుకుని అలాగే వెల్లకిలా పడ్డాడు. కుంచం అతని పొట్ట మీద. మంట లేదు. వెల్తా పరిగెత్తుకెళ్ళి, ఎందుకైనా మంచిదని గోనె కప్పేసింది.

గోనె కిందనుంచే అరిచాడు. “మా ఇంటిదే! మళ్ళీ మా ఇంటిదే!”

జావ్ తాత వంగి గోనె ఎత్తాడు. “ఒరేయ్ జియామింగ్, పట్టిన చేతులే కట్టాలి. నీకు వెదురు చీల్చడం వచ్చా?”

“రాదు.”

“జిగురు కాచడం?”

“రాదు తాతా.”

“మరి నేర్పేదెవరు? నా చేతులు చూశావుగా.”

జియామింగ్ లేచి కూర్చున్నాడు. మసి మొహంతో వెల్తా వైపు చూశాడు. పీటల మీంచి ముసలమ్మలంతా మెడలు చాచారు.

“పిన్నీ,” అన్నాడు, “నేర్చుకోడానికి ఎన్నాళ్ళు పడుతుంది?”

“నీ చేతులకా?” వెల్తా ఆ చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “పదేళ్ళు.”

నవ్వులో డోళ్ళు వినిపించలేదు.

మర్నాడు ఇద్దరూ కలిసే పట్టణానికి వెళ్ళారు. పోలీసు స్టేషను కౌంటరులో ఉన్న అమ్మాయి ఒప్పందం చూసి, పాస్‌పోర్టు చూసి, మళ్ళీ ఒప్పందం చూసింది.

“పదేళ్ళకి రాశారేంటి అవ్వా? మీకిప్పుడే అరవై అయిదు. నివాస పత్రం ఏడాదికొకటే ఇస్తాం.”

“తెలుసు. పదిసార్లు వస్తాను.”

“పదేళ్ళూ విద్యార్థేనా?”

“విద్యార్థి ఈయన,” అంది వెల్తా, పక్కనున్న మనిషిని చూపించి. “నేను టీచర్ని.”

మాటవరసకి అన్నదే. ఫారంలో మాత్రం విద్యార్థి అనే రాసింది, కాలేజీ ఫీజు కట్టిన రసీదు పెట్టింది. పక్క ఊళ్ళ పెద్దలిద్దరూ ఆ వారమే వచ్చి పై ఏడు తమ కుంచాలు కట్టడం కూడా నేర్పమని అడిగి వెళ్ళారు. జియామింగ్ శని, ఆదివారాలు జావ్ తాత రెండో గదిలో వెదురు చీలుస్తున్నాడు.

ఒక కుంచానికి బద్దలు నూట ఇరవై కావాలి. నిన్న సాయంత్రానికి అతను చీల్చినవి నలభై. వాటిలో తిన్నగా ఉన్నవి ఆరు.